మరణానంతర వాంగ్మూలం: మీ ముసలి డాక్టరు నవలకి ఏ దెయ్యం నప్పుతుంది?

ఒక హత్య, పోస్ట్‌మార్టం చేసే ఒక పెద్దాయన, ఆయనకి మాత్రమే కనిపించే చనిపోయినవాళ్ళు, మధ్యలో బోలెడంత నవ్వు. హైదరాబాద్ నేపథ్యంలో ఇలాంటి నవల రాయాలని ఉందనేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళందరూ ఆగిపోయే చోటు మాత్రం ఒకటే. మొదటి రెండు అధ్యాయాలు జోరుగా వస్తాయి. మూడో అధ్యాయంలో దెయ్యం దిగుతుంది. దిగాక దానికి ఏం పని చెప్పాలో రచయితకి తెలియదు. హంతకుడి పేరు చెప్పించేస్తే నవల అక్కడికి సమాప్తం. చెప్పించకపోతే, మరి ఇదెందుకు వచ్చినట్టు అని పాఠకుడు అడుగుతాడు.

అందుకే హంతకుడి కన్నా ముందు దెయ్యం సంగతి తేల్చుకోమంటాను. ఆ తర్వాత డాక్టరు ఎవరు, కథ ఏ కాలంలో జరుగుతుంది అన్నవి వస్తాయి. మూడింట్లో దెయ్యం దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. మిగతా రెండూ చాలావరకు దాని వెనకే నడుస్తాయి.

దేన్ని చూసి ఎంచుకోవాలి

మొదటిది, పాఠకుడికి న్యాయం. డిటెక్టివ్ నవల చదివేవాడు రచయితతో పందెం కాస్తాడు. డాక్టరుకి తెలిసిందల్లా తనకీ తెలియాలి. దెయ్యం చెవిలో ఊదిన మాటతో కేసు తేలిందంటే పుస్తకం మూసేస్తాడు, మళ్ళీ మీది కొనడు.

రెండోది, డాక్టరు చదువు. ఆయన వైద్యం లేకుండానే కేసు తేలిపోతుంటే ఆయన డాక్టరే కానక్కర్లేదు, రిటైరైన పోస్ట్‌మాస్టరు అయినా సరిపోతాడు. చాలా ప్రతులు దెబ్బతినేది ఇక్కడే. మార్చురీ వాసన ఒక పేరా వర్ణించి, తర్వాత రెండొందల పేజీలు డాక్టరు చేత మామూలు పోలీసు పనే చేయిస్తారు.

మూడోది, నవ్వు ఎక్కణ్ణుంచి పుడుతుంది అన్నది. నమ్మేవాళ్ళని వెక్కిరిస్తే వచ్చే నవ్వు వేరు, నమ్మని డాక్టరు ఇరుకున పడితే వచ్చే నవ్వు వేరు. ఇక రెండో పుస్తకానికి ఇదే దెయ్యం పనికొస్తుందా అన్నది కూడా చూసుకోవాలి. ముసలి డాక్టరు లాంటి పాత్ర ఒక్క నవలతో ఊరుకోడు.

ఒకే చావు, నాలుగు రకాలు

గాల్లో మాట్లాడితే తేలదు కాబట్టి ఒక కల్పిత చావు తీసుకుందాం. మే నెల. పత్తర్‌గట్టిలో ముత్యాల దుకాణం, పైన రేకుల గది. సాయంత్రం నాలుగింటికి తాళం పగలగొడితే పరుపు మీద యజమాని, పక్కన దిండు. ఎస్సై నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాడు. ఒళ్ళు వేడిగా ఉంది. "గంట కూడా కాలేదు" అని రాసుకుంటాడు. ఆ గంటలో, అనుమానించాల్సిన మేనల్లుడు ఫలక్‌నుమా అవతల మూడొందలమంది మధ్య పెళ్ళి భోజనం వడ్డిస్తున్నాడు.

డాక్టరు వస్తాడు. చేతికర్ర గోడకి ఆనించి, శవం గడ్డం పట్టుకుని కదుపుతాడు. దవడ వదులుగా ఊగుతుంది. మోకాలు వంచబోతాడు. కర్రలా ఉంది, వంగదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. ఆయనకి సంగతి తెలిసిపోయింది.

ఆయన చూసింది ఇదీ. చనిపోయాక కండరాలు బిగుసుకోవడం కనురెప్పలు, దవడ దగ్గర మొదలై మెడ, చేతులు, కాళ్ళ వరకు దిగుతుంది. వదిలేటప్పుడూ అదే వరస. ఇప్పుడిప్పుడే పోయిన మనిషి అయితే ముందు దవడ బిగవాలి, కాళ్ళు ఇంకా వదులుగా ఉండాలి. ఇక్కడ తిరగబడింది. అంటే బిగుసుకోవడం పూర్తయి, పైనుంచి వదలడం మొదలైంది. మన ఎండాకాలంలో ఈ తతంగం మొత్తం 18 నుంచి 36 గంటల్లో ముగుస్తుందని ఫోరెన్సిక్ పాఠ్యపుస్తకాలు చెప్తాయి. కాబట్టి పోయింది నిన్న రాత్రి. మరి ఒళ్ళు వేడి సంగతి? రేకుల కింద గది ఒంటి వేడిని మించి కాగుతుంటే శవం చల్లబడదు. ఎస్సై శవాన్ని చూశాడు గానీ పైకప్పు చూడలేదు.

క్లూ పాఠకుడి కళ్ళ ముందే ఉంది. రేకుల గది అని మొదట్లోనే చెప్పేశాం. ఇప్పుడు ఇందులోకి దెయ్యాన్ని నాలుగు రకాలుగా దించొచ్చు.

| దెయ్యం | పాఠకుడికి న్యాయం | డాక్టరు చదువుకి పని | నవ్వు ఎవరి మీద | రెండో పుస్తకం |
|---|---|---|---|---|
| బూటకం, చివర గుట్టు రట్టు | పూర్తిగా | బాగా ఉంటుంది | భయపడేవాళ్ళ మీద | కష్టం |
| నిజం, డాక్టరుకే కనిపిస్తుంది | నియమాలు పెట్టుకుంటేనే | పట్టుబట్టి కల్పించాలి | డాక్టరు మీద | ఎన్నైనా |
| నిజమో భ్రమో తేలదు | బాగానే | ఆయన రోగమే ఒక కేసు | డాక్టరు తన మీద తానే | ఒకటి, మహా అయితే రెండు |
| చనిపోయినవాడే కథ చెప్తాడు | తిప్పలే | తక్కువ | బతికున్నవాళ్ళందరి మీద | ప్రతిసారీ కొత్త గొంతు కావాలి |

బూటకపు దెయ్యం

రాత్రి దుకాణం మెట్ల మీద తెల్లటి ఆకారం కనిపించిందని వాచ్‌మన్ చెప్తాడు. చివరికి అది తెల్ల లాల్చీలో వచ్చిన మేనల్లుడని తేలుతుంది. ఇది పాత పద్ధతి, నిలకడైన పద్ధతి. పాఠకుడికి ఎక్కడా మోసం జరగదు.

దీనికి మార్చురీ బోలెడంత సరుకు ఇస్తుంది. శవాన్ని స్ట్రెచర్ మీదికి దొర్లించేటప్పుడు ఛాతీలో మిగిలిన గాలి గొంతులోంచి తోసుకొచ్చి మూలుగులా వినిపిస్తుంది. కొత్త కానిస్టేబుల్ గేటు దాటేస్తాడు, ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న అటెండరు "ఉండవయ్యా, ఇంకా చాయ్ తాగలే" అని శవానికే సర్దిచెప్తాడు. ఇలాంటివి రెండు మూడు బాగా పండుతాయి.

చిక్కు ఏమిటంటే, ఇది బూటకమని నేటి పాఠకుడికి పదో పేజీకే తెలిసిపోతుంది. మిగతా పేజీల్లో డాక్టరు పాఠం చెప్తున్నట్టు, మిగతావాళ్ళు నోరు తెరుచుకుని వింటున్నట్టు తయారవుతుంది. వాచ్‌మన్‌ని, పనిమనిషిని, పక్కింటి ముసలావిడని అమాయకుల్ని చేసి నవ్విస్తే ఆ నవ్వు రుచి కాస్త చేదే. కథ 20 పేజీలైతే ఇదే ఎంచుకోండి. 250 పేజీలైతే వద్దంటాను.

నిజం దెయ్యం, డాక్టరుకే కనిపిస్తుంది

నా ఓటు దీనికే. కానీ పడేది కూడా ఎక్కువమంది ఇందులోనే. కట్టుబాటు లేకుండా వదిలితే దెయ్యం మొత్తం కేసు మింగేస్తుంది. నేనైతే మూడు నియమాలు పెడతాను.

దెయ్యానికి చనిపోయే క్షణం వరకు తెలిసిందే తెలుసు, ఆ పైన ఒక్క ముక్క కూడా తెలియదు. గోడల్లోంచి దూరి రహస్యాలు వినే దెయ్యాన్ని ఇంట్లోకి రానివ్వకండి. మన ముత్యాల వ్యాపారి నిద్రలో పోయాడు. దిండు ఎవరు అదిమారో అతనికే తెలియదు. ఎవరు చంపారన్న ప్రశ్న ఇద్దరికీ ఉమ్మడి ప్రశ్న అయి కూర్చుంటుంది.

దెయ్యానికి తన గోల తనకుండాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం, నవ్వు పుట్టేదీ ఇక్కడే. చనిపోయినవాళ్ళందరూ న్యాయం కోసమే తిరుగుతారని ఎందుకనుకోవాలి? బతికినన్నాళ్ళూ దేని గురించి ఆరాటపడ్డారో చచ్చాకా దాని గురించే ఆరాటపడతారు. మన వ్యాపారి అర్ధరాత్రి డాక్టరు మంచం పక్కన నిలబడి ఇలా మొదలుపెడతాడనుకోండి:

"నన్ను సంపినోని ముచ్చట తర్వాత సార్. ముందుగాల నా ఉద్దెర బుక్కు ఏడున్నదో చూడుండ్రి."

"చనిపోయావు కదయ్యా, బాకీలు ఏం చేసుకుంటావు?"

"నేను పోయిన గని, బాకీ పోయిందా సార్?"

డాక్టరుకి చిరాకు, పాఠకుడికి నవ్వు. కానీ చూడండి, ఎక్కడా మోసం లేకుండా ఒక క్లూ పడిపోయింది. గదిలో దొరికిన వస్తువుల పంచనామాలో ఉద్దెర పుస్తకం లేదు. అది లేదని డాక్టరు గమనించాలి, దాన్ని ఎవరు తీశారో తన తెలివితో తేల్చుకోవాలి. దెయ్యం ప్రశ్న తెచ్చింది, అంతే. జవాబు దాని దగ్గర లేదు, ఉండకూడదు.

మూడో నియమం, దెయ్యం చెప్పింది డాక్టరు ఎక్కడా వాడుకోలేడు. మన సాక్ష్య చట్టంలో మరణ వాంగ్మూలానికి గట్టి విలువ ఉంది. చనిపోయే ముందు మనిషి తన చావుకి కారణం గురించి చెప్పింది కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. చనిపోయాక చెప్పింది చెల్లదు, ఎంత వివరంగా చెప్పినా సరే. పోస్ట్‌మార్టం రిపోర్టు ఫారంలో దానికి గడి కూడా లేదు. కాబట్టి దెయ్యం వల్ల తెలిసిన ప్రతి విషయాన్నీ డాక్టరు మళ్ళీ మొదటినుంచి, బతికున్న సాక్షులతో, శవం మీది గుర్తులతో నిరూపించుకోవాలి. డిఫెన్స్ లాయరు లేచి "ఉద్దెర పుస్తకం ఉన్న సంగతి మీకెవరు చెప్పారండీ?" అని అడిగినప్పుడు, నలభై ఏళ్ళుగా కోర్టులో ఒక్క అబద్ధం చెప్పని మనిషి నీళ్ళు నమలాలి. ఆ ఒక్క సన్నివేశం కోసమైనా ఈ రకం దెయ్యాన్ని ఎంచుకోవచ్చు.

ఇంకొక ప్రయోజనం కూడా ఉంది. రాత్రిపూట పోస్ట్‌మార్టం చేయొచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2021 నవంబరులో అనుమతిచ్చింది. అయినా హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్ళిన శవం, అనుమానాస్పద మరణం లాంటివి శాంతిభద్రతల సమస్య వస్తే తప్ప రాత్రి చేయకూడదు. అంతకుముందు మామూలుగా పగటి వెలుతురులోనే కోసేవారు. సినిమాల్లో అర్ధరాత్రి వేలాడే బల్బు కింద కోతలు మన దగ్గర నిజం కావన్నమాట. ఇది మీకు నష్టం అనుకోవద్దు. పగలు శవం చెప్తుంది, రాత్రి దెయ్యం చెప్తుంది, రెండూ ఒకదానికొకటి పొసగవు. నవల ఊపిరి ఆ పొసగని చోటే ఉంటుంది.

నిజమో భ్రమో తేలని దెయ్యం

నిదానంగా రాయగలిగేవాళ్ళకి ఇది. డాక్టరుకి డెబ్బై దాటాయి. కంట్లో శుక్లం, షుగరు, రాత్రుళ్ళు నిద్ర పట్టదు. అలాంటి మనిషికి మూలన ఒక ఆకారం కనిపిస్తే అది ఆత్మ కావచ్చు, చక్కెర పడిపోవడం కావచ్చు.

వైద్యంలో దీనికి అచ్చంగా అతికే విషయం ఒకటుంది. చూపు బాగా తగ్గిన పెద్దవాళ్ళలో కొందరికి లేని మనుషులు, ముఖాలు, పువ్వులు, నమూనాలు స్పష్టంగా కనిపిస్తాయి. మతి మాత్రం సరిగానే ఉంటుంది, అవి నిజం కాదని వాళ్ళకే తెలుస్తుంది. దీన్ని ఛార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారు. ఇందులో బొమ్మలు కనిపిస్తాయి గానీ మాట వినిపించదు. మన డాక్టరుకి ఈ సంగతి తెలియకుండా ఉండదు. అందుకని మంచం పక్కన ఆకారం కనిపించగానే భయపడడు, రోగిని పరీక్షించినట్టు మొదలుపెడతాడు. "ఏమయ్యా, మాట్లాడతావా?" ఆకారం పలకదు. హమ్మయ్య, కంటి జబ్బే, రేపు కంటాసుపత్రికి వెళ్ళాలి అనుకుని అటు తిరిగి పడుకుంటాడు. అప్పుడు వెనకనుంచి దగ్గు వినిపిస్తుంది.

ఇది రాయడం సరదాగానే ఉంటుంది, నిలబెట్టడమే కష్టం. ప్రతి దెయ్యం సన్నివేశాన్నీ రెండు రకాలుగా అర్థమయ్యేట్టు రాయాలి, ఒక్కచోట కాలు జారినా తక్కెడ ఒకవైపు ఒరిగిపోతుంది. రెండో పుస్తకానికి వచ్చేసరికి పాఠకుడికి సహనం పోతుంది, ఏదో ఒకటి చెప్పవయ్యా అంటాడు. పైగా ఇందులో నవ్వు సన్నగా ఉంటుంది, పగలబడి నవ్వించదు. ముసలితనం గురించి, మతి తప్పుతుందేమోనన్న భయం గురించి రాయాలని లోపల ఉన్నవాళ్ళు ఎంచుకోవాల్సింది ఇదే.

శవమే కథ చెప్తే

గొంతు బలంగా ఉంటే చాలా బాగుంటుంది. పంచనామాకి వచ్చినవాళ్ళ గుసగుసలు, ఏడుస్తూనే బీరువా తాళాల గుత్తి కోసం వెతికే బంధువులు, అన్నీ పరుపు మీంచే చూసి వ్యాఖ్యానిస్తాడు. కానీ డాక్టరు రెండో స్థానానికి దిగిపోతాడు. మీకు కావాల్సింది ముసలి డాక్టరు నవల అయితే ఈ పద్ధతి మీది కాదు. సీరియల్‌కో, చిన్న నవలికకో దాచుకోండి.

మధ్యలో పూనకం సంగతి ఒక మాట. బోనాల మర్నాడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం ఉంటుంది. పచ్చి కుండ మీద నిలబడి మాతంగి భవిష్యవాణి చెప్తుంది, మంత్రులు కూడా నిలబడి వింటారు. అక్కడ హంతకుడి పేరు చెప్పించాలని రాసేవాళ్ళకి చెయ్యి దురద పెడుతుంది. వద్దు. అది జనం నమ్మకం, మీ ప్లాటుకి పనిముట్టు కాదు. ఆ జనసందోహంలో డాక్టరు జేబులోంచి పర్సు పోవడం రాయండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. దర్గాలు, జిన్నుల విషయంలోనూ నాది ఇదే మాట. మీరు కల్పించిన దెయ్యంతో ఎన్ని వేషాలైనా వేయించండి, నలుగురు మొక్కే చోటుని మాత్రం అలా వదిలేయండి.

డాక్టరు ఎవరు?

ఇంగ్లీషు నవలలు చదివి వచ్చేవాళ్ళు కరోనర్ (అనుమానాస్పద మరణాల మీద విచారణ జరిపే అధికారి) కావాలంటారు. హైదరాబాద్‌లో ఆ ఉద్యోగమే లేదు. 1871 నాటి కరోనర్ల చట్టం బ్రిటిష్ పాలనలోని బొంబాయి, కలకత్తా లాంటి ప్రెసిడెన్సీ నగరాల కోసం వచ్చింది, నిజాం రాజ్యానికి సంబంధం లేదు. బొంబాయిలో ఆ పదవి 1999 వరకు నడిచింది. అక్కడ కూడా కరోనర్ సాధారణంగా లాయరో, మేజిస్ట్రేటో. కత్తి పట్టింది వేరే డాక్టర్లు. కరోనర్ అన్న మాట మీద అంత మోజుంటే, బొంబాయిలో చేసి రిటైరై కూతురి దగ్గరికి మారేడ్‌పల్లి వచ్చిన పెద్దమనిషిని పెట్టుకోండి. కానీ అప్పుడు ఆయనకి శవం చదవడం రాదు, ఫైలు చదవడమే వచ్చు. దవడ కదిపి చూసే సన్నివేశం పోతుంది.

మన దగ్గర జరిగేది వేరు. అనుమానాస్పద మరణం అంటే ఎస్సై వచ్చి ఇద్దరికి తక్కువ కాకుండా స్థానికుల ఎదుట శవ పంచనామా చేస్తాడు. 2024 జులై 1 నుంచి ఇది కొత్త క్రిమినల్ విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194వ సెక్షను, అంతకుముందు పాత చట్టం సీఆర్‌పీసీలో 174. పంచులుగా దొరికేది ఎదురుగా ఇరానీ హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్ళే. వాళ్ళలో ఒకణ్ణి కథలో చివరిదాకా ఉంచితే ఉచితంగా ఒక హాస్యపాత్ర దొరుకుతుంది. తర్వాత శవం ఉస్మానియా మార్చురీకో, గాంధీ మార్చురీకో వెళ్తుంది.

ఉద్యోగంలో ఉన్న ఫోరెన్సిక్ ప్రొఫెసర్‌ని పెట్టుకుంటే శవం ఆయన చేతిలోనే ఉంటుంది, విద్యార్థులుంటారు, పైఅధికారి ఉంటాడు. కథ నడపడం తేలిక. తెలంగాణలో 2019లో వైద్య కళాశాలల అధ్యాపకుల పదవీ విరమణ వయసు 65కి పెంచారు కాబట్టి నేటి కథలో 64 ఏళ్ళ డాక్టరు నమ్మదగినవాడే. అంతకన్నా ముసలివాణ్ణి చేయలేరు.

రిటైరైన డాక్టరు శవాన్ని ముట్టుకోవడానికి లేదు. దీన్ని అడ్డంకి అనుకుంటారు, నాకిది వరంలా కనిపిస్తుంది. పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్లకి రిటైరయ్యాక కూడా కోర్టు సమన్లు వస్తూనే ఉంటాయి. ఎప్పుడో పదిహేనేళ్ళ క్రితం కోసిన శవం గురించి ఇప్పుడు నాంపల్లి కోర్టు బోనులో నిలబడి చెప్పాలి. అప్పటి చేతిరాత తనకే అర్థం కాదు. ఇక ఆలోచించండి, పొద్దున సమన్లు వస్తాయి, రాత్రి ఆ కేసు మనిషి వచ్చి "అప్పుడు మీరు రాసింది తప్పు సార్" అంటుంది. ప్రతి పుస్తకానికీ ఒక పాత కేసు, ఒక కొత్త సమన్లు. రెండో రకం దెయ్యానికి ఇంతకన్నా మంచి జోడీ నాకు తోచలేదు. పత్తర్‌గట్టి చావుకి మాత్రం ఆయన్ని పిలిపించడానికి ఏదో ఒక నెపం కావాలి. ఎస్సై ఆయన పాత విద్యార్థికి తమ్ముడు అయితే చాలు, ఈ ఊళ్ళో పనులన్నీ అలాగే జరుగుతాయి.

ఏ కాలం?

నిజాం కాలం ఊరిస్తుంది. ఆపరేషన్లకి వాడే మత్తుమందు క్లోరోఫాం ఎలా ప్రాణం తీస్తుందో తేల్చడానికి 1888, 1889లలో రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేసింది ఇక్కడే. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనుకుంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చాడు. క్లోరోఫాం చంపేది గుండెని ఆపి కాదు, ఊపిరి ఆపి అని తేల్చారు. ఆ తీర్పు తర్వాత నిలబడలేదు. ఆ నిజాం పేరు తలిస్తే పాము విషం దిగుతుందని జనం నమ్మేవారు. ఒకే రాజు, ఒక చేత్తో ప్రయోగశాల, ఇంకో చేత్తో పాము మంత్రం! 1908 సెప్టెంబరు 28 మూసీ వరద కూడా ఆయన హయాంలోనే. ఆ రోజు ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు, ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. చింతచెట్టు మీద దెయ్యాలుంటాయని చిన్నప్పుడు మనల్ని భయపెట్టారు కదా, మీ నవలలో ఆ చెట్టు దెయ్యాలకి పాపం చోటు దొరకని రాత్రి ఒకటి రాయొచ్చు. అయితే ఈ కాలానికి చదవాల్సింది చాలా ఉంటుంది, కోర్టు భాష ఉర్దూ, పోలీసు పద్ధతులు వేరు. పరిశోధనకి ఏడాది కేటాయించలేనివాళ్ళు దిగొద్దు.

నాకు నచ్చేది 1976. ఎమర్జెన్సీ. డీఎన్ఏ పరీక్ష లేదు. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం ఆ పద్ధతి తయారుచేసింది 1980ల చివర. సీసీ కెమెరా లేదు, సెల్‌ఫోన్ లేదు. డాక్టరు ముక్కు, వేళ్ళు, జ్ఞాపకం తప్ప సాధనం లేదు. ముక్కు అంటే గుర్తొచ్చింది, సైనైడ్ వాసన అందరికీ పట్టదు, కొందరికి పుట్టుకతోనే ఆ శక్తి ఉండదు. మార్చురీలో అది పట్టే ముక్కు ఒక్క ముసలాయనకే ఉంటే ఉద్యోగం ఊడగొట్టే ధైర్యం ఎవరికుంటుంది? ఇక నవ్వుకి కొదవ లేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి డాక్టర్ల మీద టార్గెట్ల ఒత్తిడి ఉన్న రోజులవి. శవాలు తప్ప రోగులు లేని మన డాక్టరుకి కూడా టార్గెట్ కాగితం వచ్చిందనుకోండి, ఆయన ఏం జవాబు రాస్తాడు? బయట ఎవరూ నోరు విప్పని రోజుల్లో అదుపు లేకుండా మాట్లాడేది చచ్చినవాళ్ళు మాత్రమే. వాళ్ళని ఏ చట్టం కిందా లోపలేయలేరు.

నేటి కథ రాయడం తేలిక, హత్యని దాచడం కష్టం. ఫోన్ టవరు, కెమెరాలు సగం కేసు తేల్చేస్తాయి. అందుకే నేటి కథకి సమన్లతో లేచే పాత కేసు ఉంటే మేలు. హత్య అప్పటిది, గొడవ ఇప్పటిది.

మీరు ఏ రకం?

మొదటి నవల, ఉద్యోగం చేసుకుంటూ రాత్రుళ్ళు రాసేవాళ్ళు: నిజం దెయ్యం, రిటైరైన డాక్టరు, నేటి హైదరాబాద్. పరిశోధన తక్కువ, నియమాలు గట్టిగా పెట్టుకుంటే చాలు.

యాప్‌లో వారం వారం సీరియల్ రాసేవాళ్ళకి శవమే చెప్పే కథ బాగా ఆడుతుంది. ప్రతి భాగం చివర ఒక మెలిక సులువుగా దొరుకుతుంది. పైగా పాఠకులు కామెంట్లలో హంతకుణ్ణి ఊహిస్తుంటారు, వాళ్ళకి తెలిసినంతే శవానికీ తెలుసు కాబట్టి సరిసమానం.

పత్రిక పోటీకి కథ పంపేవాళ్ళు బూటకం గానీ తేలనిది గానీ. రెండోది ఎంచుకుంటే డాక్టరు కంటి జబ్బు సంగతి మొదటి పేజీలోనే తగిలించండి, చివర్లో చెప్తే తొండి అంటారు.

డాక్టర్లే రాస్తుంటే ఒక జాగ్రత్త. మీకు తెలిసిందంతా పెట్టేయకండి. దవడ, మోకాలు, పైకప్పు, ఈ మూడింటితో ఒక అధ్యాయం నిలబడింది. నాలుగో గుర్తు పెడితే పాఠకుడు నోట్సు రాసుకోవడం మొదలుపెడతాడు. వైద్యం తెలియనివాళ్ళు దీనికి తిరగేసి చేయాలి. ఒక్క గుర్తు పట్టుకుని, దాన్ని ఫోరెన్సిక్ చదివిన మనిషి చేత చూపించి, ఆ తర్వాతే హత్య కల్పించుకోవాలి. హత్య ముందు రాసుకుని గుర్తులు తర్వాత అతికిస్తే ఆ అతుకు డాక్టరు పాఠకుడికి మొదటిసారే దొరికిపోతుంది.

ఇంకా రెండో రకానికీ మూడో రకానికీ మధ్య ఊగుతుంటే, ఉద్దెర బుక్కు సన్నివేశాన్ని మీ డాక్టరుతో ఒకసారి రాసి చూడండి. దెయ్యం మాట్లాడుతుంటే మీ డాక్టరు ఎదురు వాదిస్తున్నాడా, రెండో రకానికి వెళ్ళండి. లేచి షుగరు చూసుకుంటున్నాడా, ఆయనది మూడో రకం నవల.